స్వరాన్ని మింగే డబ్బా

అమీర్‌పేటలో ఎవరిని కదిపినా ఏదో ఒక కోర్సు నేర్చుకుంటూనో నేర్పుతూనో ఉండే రోజులవి. నేను మాత్రం ఆ కోర్సుల కాగితాలకు జిరాక్సులు తీస్తూ బతికాను. జావా అంటే ఏమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు గానీ, జావా నోట్సు ఎంత లావుంటుందో నిద్రలో లేపి అడిగినా వేళ్లతో చూపించగలను. మా సందులో గోడలకు సున్నం కనపడేది కాదు, అన్నీ బోర్డులే. ఏ ఊరి నుంచో బ్యాగు తగిలించుకుని దిగిన పిల్లలు తలలు పైకెత్తి ఆ బోర్డులు చదువుతూ రోడ్డు మధ్యలో నిలబడిపోతే, వెనక బండ్లవాళ్లు హారన్లతో చంపేవాళ్లు. ఆ సందు మొత్తానికి బోర్డు లేనిది ఒక్క జ్ఞానరాజు షెడ్డుకే.

ఆయన మోటారు సైకిళ్ల మెకానిక్కు. నా కొట్టును ఆనుకునే ఆయన రేకుల షెడ్డు, దాని వెనక ఒక గది. ఆ గదిలో ఆయనా, భార్య యేసుమణీ ఉండేవాళ్లు. పిల్లలు లేరు. ఆయనది మెదక్ వైపు. మిషను బడిలో చదువుకుని, మీసాలు రాకముందే సనత్‌నగర్‌లో మోపెడ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాడు. నాది కృష్ణా జిల్లా. నా మాట ఆయనకు నవ్వు, ఆయన మాట నాకు నవ్వు. అయినా ఇద్దరికీ బాగా కుదిరింది, కంప్యూటర్ అనే మాట వింటే ఇద్దరికీ ఒళ్లు మండేది కాబట్టి.

ఫ్యాక్టరీలో ఆయన వయసంతా ఒక డబ్బా చుట్టూ తిరిగింది. ఇంజను గాలి పీల్చుకునే డబ్బా అది, సీటు కింద ఉంటుంది. లోపల ఫిల్టరు, బయటికి ఒక మూతి. బండి చప్పుడంతా వెనక సైలెన్సర్‌లోంచే వస్తుందని నేనూ మీలాగే అనుకునేవాణ్ణి.

"మనిషి గురక ఏడికెంచి వస్తది పాణి సారూ? ముక్కుల నుంచే గద. బండి సుత గంతే," అన్నాడొకసారి. నా పేరు చక్రపాణి, ఆయన నోట్లో పాణి సారు. "మూతి చిన్నగ చేస్తే గురక తగ్గుతది గని బండి గుంజది. పెద్దగ చేస్తే మస్తు గుంజుతది, గని మొత్తుకుంటది. గీ రెండిటి నడుమనే నా జిందగీ పోయింది."

ఫ్యాక్టరీ మూతపడింది. ఆయన షెడ్డు పెట్టుకున్నాడు. పెద్ద స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకు ఆనించి, పిడిని పళ్లతో కరిచిపట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి స్క్రూడ్రైవర్ తీసి, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. మిగతా మెకానిక్కులు పిడిని చెవికి ఆనించుకుంటారు, ఈయన పళ్లతో పడతాడేమిటని మేం ముచ్చటగా చెప్పుకునేవాళ్లం. పళ్లతో బండి జబ్బు చెప్పే జ్ఞానరాజు అని మా సందులో ఆయనకు కొంత పేరు కూడా వచ్చింది.

అసలు సంగతి నాకు చివర్లో తెలిసింది, మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను. దాచిపెట్టి చివరికి మిమ్మల్ని బోల్తా కొట్టించడం నాకు ఇష్టం లేదు. జ్ఞానరాజుకు చెవులు పోయాయి. ఇంజన్లు పరీక్షించే గదిలో ఏళ్ల తరబడి నిలబడినందుకు కొద్దికొద్దిగా పోయాయి. లోతైన మోత ఒంటికి తెలిసేది. మాట మాత్రం, గట్టిగా అరిస్తే తప్ప, గాలి వీచినట్టుండేదట. ఆ సంగతి ఆయన కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. మెకానిక్కుకు చెవి లేదని బయటపడితే ఇక బండి ఎవరు ఇస్తారు?

దాచడానికి ఆయనకు ఊరే సాయం చేసింది. షెడ్డులో ఎప్పుడూ ఏదో ఒక ఇంజను నడుస్తూ ఉండేది. బయట రోడ్డు. బండి మీద పోతూ యేసుమణి వెనక నుంచి ఏదైనా చెప్పి, పలకలేదేమని తర్వాత దెబ్బలాడితే, బండి సప్పుడుల ఇనవడలేదని అనేవాడు. అది ఎవరైనా నమ్మే మాటే. ఎదురుగా ఉన్నవాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. గుబురు మీసాల గిరాకీ వస్తే ఆయనకు ఎందుకంత చిరాకో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. మీసాల కింద పెదవులు కనపడవు మరి.

రెండువేల నాలుగు ఎండాకాలంలో షెడ్డు స్థలం అమ్ముడుపోయింది. అక్కడ అంతస్తుల మీద అంతస్తులు లేపి, కింద ఇన్‌స్టిట్యూట్లు, పైన హాస్టళ్లు పెడతారట. వానలు పడేలోగా ఖాళీ చెయ్యమన్నారు. జ్ఞానరాజు ఎల్లారెడ్డిగూడ తిరిగాడు, బోరబండ తిరిగాడు, మాసబ్ ట్యాంక్ దాకా పోయి వచ్చాడు. సందుల్లో ఖాళీ అంటూ ఎక్కడుంది? పెద్ద మెకానిక్ షాపుల్లో పనికి అడిగితే, తెల్లజుట్టు చూసి, చూద్దాంలే అన్నారు. ఒక చోట షాపువాడు వెనక నుంచి పిలిస్తే ఈయన తిరిగి చూడలేదట. ముసలాడికి పొగరని పంపించేశారు. ఆ రోజు వచ్చి నా కొట్టు మెట్టు మీద కూర్చున్నాడు. యేసుమణి టీ తెచ్చి పెడితే, గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

అలాంటి సమయంలో వచ్చాడు రఘురామ్. సోమాజిగూడలో ఒక మోటారు సైకిళ్ల షోరూమ్‌కు సర్వీసు మేనేజరు. చదువైపోయిన కొత్తల్లో ఆ సనత్‌నగర్ ఫ్యాక్టరీలోనే శిక్షణ పొందినవాడు. రాజమండ్రి మనిషి, నున్నగా గీసిన గడ్డం, మీసం లేదు. జ్ఞానరాజుకు అదొక అదృష్టం.

"జ్ఞానరాజు గారూ, మాకొక తలనొప్పి వచ్చి పడిందండీ," అన్నాడు, ఎదురుగా స్టూలు మీద కూర్చుని. "కొత్త మోడల్ ఒకటి దిగింది. మూడో గేరులో కాస్త వేగం అందుకోగానే సీటు కింద గుమ్మని ఒకటే మోత. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు సరదాగా కొనుక్కుని, వారం తిరక్కుండా తెచ్చి మా మీద పడేస్తున్నారు. కంపెనీ వాళ్లొచ్చి చూసి, ఈ మోడల్ స్వభావమే అంత అని చెప్పి పోయారు. గాలి డబ్బా సంగతి మీకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికీ తెలియదు. మీరు సరిచేసి చూపించండి. టెస్టింగ్‌లో ఒక ఖాళీ ఉంది. వయసెక్కువని మా పైవాళ్లు గొణుగుతారు, వాళ్లని నేను ఒప్పిస్తాను."

టెస్టింగ్ అంటే, సర్వీసు అయిన ప్రతి బండినీ రోడ్డు మీద నడిపి, ఎక్కడ ఏ చప్పుడు తేడాగా ఉందో విని కనిపెట్టడం. వినే ఉద్యోగం. జ్ఞానరాజు ఆ పెదవులు చదివి, ఒక్క క్షణం కూడా ఆగకుండా సరేనన్నాడు. తర్వాత యేసుమణి నాతో చెప్పి ఏడ్చింది: స్క్రూడ్రైవర్ ఉంది, పళ్లున్నాయి, ఎట్లనో నెట్టుకొస్తాననే ధైర్యంతో ఒప్పుకున్నాడట. మునిగిపోయేవాడు ఏది దొరికితే అది పట్టుకుంటాడు, ఆయనను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

బండి షెడ్డులోకి వచ్చింది. ఆ మోత సంగతి ఆయన నాకు చెప్పినంతలో ఇదీ: ఇంజను గాలిని గుక్కలు గుక్కలుగా లాగుతుంది. లాగి టక్కున నోరు మూస్తుంది. ఆ గాలి వెనక్కి తన్ని డబ్బాలో గుమ్మంటుంది, ఖాళీ బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు. అన్ని వేగాల్లో కాదు, ఒకే ఒక వేగం దగ్గర, ఒకే స్వరంలో. మూతి ఇరుకు చేస్తే బండికి ఆయాసం వస్తుంది. అందుకని మూతి జోలికి పోకుండా, పక్కన ఒక చిన్న గొట్టంతో ఇంకో ఖాళీ డబ్బా తగిలించాలి. ఆ చిన్న డబ్బా మూతి మీద ఊదితే ఏ స్వరం పలుకుతుందో, మోతలో ఆ స్వరాన్ని అది మింగేస్తుంది. వేరే స్వరమైతే ముట్టుకోను కూడా ముట్టుకోదు. కాబట్టి ముందు ఆ మోత ఏ స్వరమో కచ్చితంగా తెలియాలి.

ఆ పని చెవులున్నవాళ్లది. ఆయన భార్యను పిలిచాడు.

యేసుమణి పంజాగుట్ట వెనక సందులోని చిన్న చర్చిలో పాటల బృందానికి నాయకురాలు. డో రే మీ ఫా సో మిషను బడిలో నేర్చింది. గాజులు గల్లుమన్నా ఏ స్వరమో చెప్పేసే మనిషి. మైకు లేకుండా పాడితే చర్చి గుమ్మం బయట చెప్పులు కాసేవాడికి కూడా ప్రతి మాటా వినపడేది.

"గిది ఏం సురమో జర జెప్పు మణీ. నీ అంత మంచిగ నాకెక్కడ తెలుస్తది," అన్నాడు. ఆమె మురిసిపోయింది. పెళ్లయ్యాక తన పనిలో ఆయన ఆమె సాయం అడగడం అదే మొదలు. బండిని స్టాండు మీద నిలబెట్టి ఆయన యాక్సిలరేటర్ తిప్పుతుంటే, మోత లేచిన చోట ఆమె చెయ్యి ఎత్తి, 'సో' అంటూ అదే స్వరం గొంతులో పట్టుకుంది. ఆ స్వరం జారిపోకుండా పాడుతూ కూర్చుంది. ఆయన ఒక బ్రేక్ ఆయిల్ డబ్బా తీసుకుని, మూతి మీద ఊదుతూ, కొంచెం కొంచెం నీళ్లు పోస్తూ, ఆమె ముఖం చూస్తూ పోయాడు. డబ్బా పలికేదీ తను పాడేదీ ఒకటైన చోట ఆమె తల ఊపింది. లోపల ఎంత ఖాళీ మిగిలిందో అంతే ఖాళీ ఉండేలా ఆయన డబ్బా కోసి, అతికి, బండికి బిగించాడు. నేను కొట్టు వదిలేసి చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు వాళ్లిద్దరి ముఖాలు చూస్తే ముచ్చటేసింది.

బండి తీసి నడిపితే మోత అలాగే ఉంది.

పైపైన గీరుకున్నట్టుండే చప్పుడు కొంచెం తగ్గింది. కానీ అసలు గుమ్మనేది సీటు కింద కదలకుండా కూర్చుంది. ఆయన తొడలకు అది తెలుస్తోంది. మళ్లీ విప్పాడు, గొట్టం మార్చాడు, డబ్బా మార్చాడు, మళ్లీ ఆమె చేత పాడించాడు. ఆమె మళ్లీ అదే స్వరం చెప్పింది. సరిగ్గానే చెప్పింది కూడా. షెడ్డు ఖాళీ చెయ్యాల్సిన గడువు ముంచుకొస్తోంది. స్థలం కొన్నవాళ్ల మనుషులు వచ్చి షెడ్డు ముందు ఇసుక పోయించి పోయారు. జ్ఞానరాజు అన్నం మానేశాడు. ఒకరోజు స్పానరు తీసి గోడకేసి కొట్టాడు. అంత నెమ్మది మనిషి అలా కొట్టడం చూసి నేను జిరాక్సు మిషను ఆపి పరిగెత్తాను. ఆయన ఇసుక కుప్ప మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"నాతోటి అయితలేదు సారూ. నాకు తెలిసింది ఒక్కటే గిదైతే, గది సుత నాకు తెల్వకుండ పోయింది," అన్నాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లను నాలుగు తిట్టి ఊరుకున్నాను.

ఆ శనివారం సాయంత్రం చర్చిలో పాటల సాధన. పాటల కాగితాలు జిరాక్సు తీసిచ్చేది నేనే, అవి ఇవ్వడానికి పోయాను. జ్ఞానరాజు వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాడు, ఇంట్లో ఒక్కడే ఉంటే ఏమవుతాడోనని ఆమె లాక్కొచ్చింది. యేసుమణి 'సో' అని స్వరం అందించింది. ఆడవాళ్లు అందుకున్నారు, మగవాళ్లూ అందుకున్నారు. వాళ్లలో సైలస్ అని బండగొంతు కుర్రాడు ఉన్నాడు, ఒక స్కూల్లో గుమాస్తా. అతను జ్ఞానరాజు కూర్చున్న బల్లకే ఆనుకుని నిలబడి ఆ 'సో' పట్టాడు. బల్ల సన్నగా వణికింది, అచ్చం ఆ బండి సీటు వణికినట్టే.

జ్ఞానరాజు దిగ్గున లేచాడు. పాట మధ్యలో పోయి సైలస్ వీపు మీద అరచెయ్యి పెట్టాడు. పాట ఆగిపోయింది.

"జర మల్ల పాడు తమ్మీ. గదే, గదే పాడు."

అందరూ నవ్వారు. సైలస్ బిత్తరపోయి మళ్లీ పాడాడు. జ్ఞానరాజు కళ్లు మూసుకుని, చెయ్యి తియ్యకుండా, ఆ వణుకు అరచేతికి ఎక్కించుకున్నాడు.

"మణీ, నువ్వు చెప్పింది సోనే. గని నువ్వు ఆడోళ్ల సో పాడినవ్. బండిది మొగోళ్ల సో!"

చర్చి పాటలో ఆడవాళ్లు పై గొంతులో పాడినా, మగవాళ్లు కింది గొంతులో పాడినా, 'సో' 'సో'నే. ఇద్దరూ ఒకే స్వరం పాడుతున్నట్టే లెక్క, ఆ తేడాను ఎవరూ పట్టించుకోరు. యేసుమణి కూడా పట్టించుకోలేదు. బండి మోతను తన గొంతుకు అందే చోటికి తెచ్చి పాడింది. డబ్బాకు మాత్రం ఆ మర్యాద తెలియదు. కింది స్వరం మింగాలంటే దానికి నాలుగింతల పెద్ద కడుపు కావాలి.

సైలస్ షెడ్డుకు వచ్చి పాడాడు. ఈసారి అర లీటరు ఇంజన్ ఆయిల్ డబ్బా తీసుకున్నారు. టూల్స్ పెట్టుకునే జాగాలో అది సరిగ్గా ఇమిడింది. నేనూ వెనక కూర్చుని పంజాగుట్ట చౌరస్తా దాకా పోయి వచ్చాను. మూడో గేరులో వేగం అందుకున్నాక, సీటు కింద గుమ్మనే చోటు వచ్చింది, దాటిపోయింది. ఏమీ లేదు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నట్టు మాట్లాడుకోవచ్చు. నేను సంతోషం పట్టలేక ఆయన వీపు మీద చరిచాను, నోటికొచ్చినట్టు పొగిడాను. ఆయన ఏమీ అనలేదు. వినయం అనుకున్నాను.

మర్నాడు షోరూమ్‌కు తీసుకుపోవాలి. పొద్దున్నే డబ్బా బిగింపు చివరిసారి చూస్తూ, ఆయన నట్టు మీద స్పానరు పెట్టి అలాగే ఉండిపోయాడు. బిగించలేదు, వదులు చెయ్యలేదు. ఏమయిందని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఇన్నాళ్లూ తనను కాచింది ఆ మోతేనని ఆయనకు అప్పుడు తోచి ఉంటుంది. మోత ఉంటే ఉద్యోగం రాదు. మోత పోతే దాచుకోవడానికి చోటు లేదు. కాసేపటికి నట్టు బిగించేశాడు.

నన్ను కూడా రమ్మన్నాడు, మనిషి తోడుంటే ధైర్యమట. ఆయన వెనక యేసుమణి కూర్చుంది, ఆదివారం కట్టుకునే చీర కట్టుకుని. నేను నా స్కూటరు మీద పక్కనే బయలుదేరాను. పంజాగుట్ట దాటి సోమాజిగూడ వైపు తిరిగాక రోడ్డు కొంచెం ఖాళీగా దొరికింది. ఆయన బండి మెత్తగా పోతోంది. ఆమె మాటలు నా దాకా వినపడుతున్నాయి.

"ఏమయ్యా, గిది రాకున్నా ఫికర్ చేయకు. సైలస్ వాళ్ల స్కూల్ల పాటలు చెప్పెటందుకు మనిషి కావాల్నంట. నేను పోత. ఇద్దరం ఎట్లనో బతుకుతం. ఇన్నవా?"

ఆయన పలకలేదు. ఆమె ఇంకోసారి చెప్పింది. కోపం వచ్చిందేమోనని బుజ్జగించింది కూడా. ఆయన రోడ్డు చూస్తూ నడుపుతున్నాడు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. నాకు వినపడిందని నా ముఖంలోనే ఆమెకు తెలిసిపోయింది. పక్క బండి మీది పరాయివాడికి వినపడిన మాట, జానెడు దూరంలో ఉన్న మొగుడికి వినపడలేదు. తర్వాత, అరవకుండా, మామూలు గొంతుతో అంది:

"ఏమయ్యా, ఆపు. నేను పడిపోతున్న."

బండి అదే వేగంతో పోయింది. ఆమె రెండు చేతులతో ఆయన నడుం గట్టిగా పట్టుకుని, తల ఆయన వీపుకు ఆనించేసింది. నా స్కూటరు ఎవరినో గుద్దబోయి ఆగింది.

షోరూమ్ ముందు దిగాక ఆమెతో మాట్లాడదామంటే వీలు కాలేదు. రఘురామ్ అప్పటికే బయట నిలబడి ఉన్నాడు. "మీరే నడపండి జ్ఞానరాజు గారూ, నేను వెనక కూర్చుని వింటాను," అని ఎక్కేశాడు. రాజ్‌భవన్ రోడ్డు వైపు పోయారు. యేసుమణి కాంపౌండు గోడ పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెదవులు కదుపుతోంది. ప్రార్థన చేస్తోందని తెలుస్తూనే ఉంది. నేను కూడా మా వేంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. ఆయన వెనక కూర్చున్నవాడు నోరు తెరవకుండా చూడు స్వామీ అని మొక్కుకున్నాను. అంతకంటే పనికిమాలిన మొక్కు నా జన్మలో మొక్కలేదు.

వాళ్లు తిరిగొచ్చేసరికి షోరూమ్ ఆవరణలో మెకానిక్కులకు భోజనాల వేళ. డబ్బాలు విప్పుకుని వరసగా కూర్చున్నారు. ఒక్క బండీ నడవడం లేదు. రఘురామ్ దిగి, బండి మీదే ఉన్న జ్ఞానరాజు వెనక నిలబడ్డాడు.

"జ్ఞానరాజు గారూ, ఒకసారి దిగుతారా?"

ఆయన కదల్లేదు. రఘురామ్ మళ్లీ అడిగాడు. జ్ఞానరాజు దూరం నుంచి భార్యను చూసి నవ్వాడు. రఘురామ్ మా దగ్గరికి నడిచి వచ్చాడు.

"మోత పోయిందండీ. మొత్తం పోయింది," అన్నాడు. "అంత బాగుంది కాబట్టే దారంతా మాట్లాడాను. ఎడమకి తిప్పమన్నాను, తిప్పలేదు. ఆపమన్నాను, ఆపలేదు. భుజం తడితే ఆపారు. ఏంటమ్మా ఇది?"

యేసుమణి నేల చూసింది. "జలుబు చేసిందండీ ఆయనకి, వారం నుంచీ," అన్నాను నేను.

"జలుబు కాదండీ. మీకూ తెలుసు." రఘురామ్ గొంతు తగ్గించాడు. "ఆయన డబ్బా మా కంపెనీకి చూపిస్తాను, ఎవరు చేశారో చెబుతాను. కానీ టెస్టింగ్ అంటే చెవులే కదండీ. బ్రేకు కీచుమన్నది వినపడక ఆయన ఒక బండి పంపిస్తే, ఆ కుర్రాడు రేపు లారీ కింద పడితే? నా చేతిలో లేదమ్మా. నన్ను క్షమించండి."

ఆయన మాటలో తప్పు లేదు. తప్పు లేకపోవడమే నాకు మరీ మంట పుట్టించింది. చెడామడా తిట్టడానికి ఒక్క కారణం దొరికినా బాగుండేది.

జ్ఞానరాజు బండి దిగి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. రఘురామ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పెదవులు కనపడలేదు.

"ఏమంటుండు సారు, మణీ? మంచిగున్నదన్నడా?"

"ఇంటికి పోయినంక చెప్త," అంది ఆమె మెల్లగా, తల వంచుకునే.

"ఆఁ?"

"ఇంటికి పోదం పా."

"గట్టిగ చెప్పు. గీడ బండ్ల సప్పుడుల ఇనవడ్తలే."

అన్నం తింటున్న మెకానిక్కులు తలెత్తి చూశారు. ముద్దలు చేతుల్లోనే ఆగిపోయాయి. ఎక్కడా చప్పుడు లేదు. ఒక కుర్రాడు నవ్వబోతే పక్కవాడు మోచేత్తో పొడిచాడు. జ్ఞానరాజు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, చిరునవ్వు చెదరకుండా, భార్య జవాబు కోసం వంగి నిలబడ్డాడు. ఆమె తల ఎత్తింది. మైకు లేకుండా చర్చిని నింపే గొంతుతో అరిచి చెప్పింది.

"నీకు చెవులు ఇనవడయని తెలిసిపోయిందయ్యా! నౌకరీ ఇయ్యరంట!"

రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. జ్ఞానరాజు చెయ్యి చెవి మీంచి జారింది. అక్కడున్న ఒక్కొక్కరి ముఖమూ చూసుకుంటూ వచ్చి, చివరికి ఆమె దగ్గర ఆగాడు.

"నీకు సుత తెలిసిందా?" అన్నాడు. "నీకెప్పుడు తెలిసింది?"

ఆమె వేలితో బండి చూపించింది.

"వచ్చెటప్పుడా? నువ్వేమన్న అన్నవా అప్పుడు?"

ఆమె చెప్పబోయింది. గొంతు రాలేదు. పాడి పాడి ఎన్నడూ బొంగురు కూడా పోని ఆ గొంతు పూర్తిగా పట్టేసింది. వట్టి పెదవులతోనే చెప్పింది: ఫికర్ చేయకు, నేను పోత పనికి, ఇద్దరం బతుకుతం.

ఆయనకు మొదటిసారికే అంతా తెలిసింది. వయసంతా బరువైన ఇంజన్లు ఎత్తిన మనిషి అక్కడే, షోరూమ్ మెట్టు మీద కూలబడి, ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. యేసుమణి పక్కన కూర్చుని, ఊరుకొమ్మని ఆయన నోటికి తన కొంగు అడ్డం పెట్టింది. తన ఏడుపు ఎంత గట్టిగా వినపడుతోందో ఆయనకు తెలియదు.